వాకర్ల ఇంటి పిల్ల

అనకాపల్లి, 2006 జూన్, ఆదివారం మధ్యాహ్నం. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన రోనాల్డ్ వాకర్, ఆయన కూతురు, నలభయ్యేళ్ళ టీచరు రోజలిన్ భోజనాల దగ్గర ఉన్నారు.

"అన్నం చల్లారిపోతంది రోజీ. ముందు తిను."

"తింటాను నాన్నా. అడిగినదానికి చెప్పు. తాత, అదే మీ నాన్న, ఎవరు?"

"ఏటా ప్రశ్న? జాన్ వాకర్. స్కాట్లండు నుంచొచ్చిన మిషనరీ దొరగారి కొడుకు. చిన్నప్పట్నుంచీ వింటన్నావు కదా."

"విన్నాను. నమ్మేను కూడా. దొర పోలిక ఎక్కడైనా ఉందేమోనని అద్దంలో వెతుక్కున్నాను."

"ఇప్పుడేటయింది?"

"చర్చిలో పాత బాప్తిస్మం రిజిస్టరుకి చెదలు పట్టింది కదా. కొత్త పుస్తకంలోకి ఎక్కించమని పాస్టరుగారు నాకిచ్చేరు. పది రోజుల్నుంచి అదే పని. మొన్న 1931కి వచ్చేను."

"ఆ పాత రాతలన్నీ తప్పుల తడకలమ్మా."

"దొర స్వయంగా రాసింది అది. 'ఎర్రయ్య, వయసు ఇరవై, బంగళాలో బట్టలు ఉతుకుతాడు. ఇకమీదట జాన్ వాకర్.' తాత దొర కొడుకు కాదు నాన్నా. దొర చొక్కాలు ఉతికినవాడు."

"మజ్జిగ పొయ్యమంటావా?"

"మాట మార్చకు."

"మార్చలేదు. దొర తన పేరు పెట్టుకోమన్నాడు, ఆయన పెట్టుకున్నాడు. అందులో తప్పేటి?"

"పెట్టుకోవడం తప్పని ఎవరన్నారు? రక్తం అన్నావు నువ్వు. పోనీ, వాకర్ అంటే ఏటో తెలుసా?"

"నడిచేవాడు. దేశాలు నడిచొచ్చిన వంశం అని..."

"కాదు. నిన్న నెట్ సెంటర్లో కూర్చుని చదివేను. మగ్గం మీంచి దించిన ఉన్నిబట్టకి జిడ్డు పోవాలని, తొట్లో వేసి కాళ్ళతో తొక్కేవాళ్ళట. నిలవున్న మూత్రం పోసి మరీ తొక్కేవాళ్ళట. అలా తొక్కేవాళ్ళే వాకర్లు. ఇంగ్లండులో దక్షిణాన ఫుల్లర్లన్నారు, పడమటి మూలన టక్కర్లన్నారు. ఉత్తరానా, స్కాట్లండులోనూ వాకర్లన్నారు. ఆ పని పోయింది, ఇంటిపేరు మిగిలింది."

"దొరల ఇంటిపేరా అది?"

"దొరల ముత్తాతలూ బట్టలు తొక్కే బతికేరు నాన్నా. వాళ్ళు పేరు దాచుకోలేదు. సిగ్గుపడింది నువ్వే."

"నీకేటి తెలుసు? వాకర్ అంటే ఆఫీసర్లు కుర్చీ చూపించేవోళ్ళు. ఎర్రయ్య కొడుకునంటే చూపించేవోళ్ళా?"

"ఆ కుర్చీ కోసమేనా శాంతికుమార్ని గుమ్మం బయట నిలబెట్టేవు?"

"ఆ పేరెందుకిప్పుడు."

"తొంబైరెండులో. 'ఇస్త్రీ బండి యేసుపాదం కొడుకు వాకర్ల పిల్లని అడుగుతాడా' అన్నావు. నేను తలుపు పక్కనే ఉన్నాను."

"అన్నాను. కానీ ఆడు ఎల్లిపోయింది అందుక్కాదు."

"మరి? వారం తిరిగేసరికి ఊరొదిలి కె. కోటపాడు వెళ్ళిపోయేడు. మాట లేదు, ఉత్తరం లేదు. పిరికోడనుకుని పధ్నాలుగేళ్ళు తిట్టుకున్నాను. వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టేను."

"వదిలీ అమ్మా. ఇప్పుడివన్నీ తవ్వకు."

"నువ్వు చెప్పేదాకా లేవను."

"చెప్తే నన్ను తప్పు పట్టవు కదా?"

"చెప్పు నాన్నా."

"ఆళ్ళు మనోళ్ళే. యేసుపాదం నాకు దగ్గరి చుట్టం. ఆ సంగతి కుర్రాణ్ణి స్టేషన్‌కి పిలిచి చెప్పేను. మీ తాతా మా నాన్నా సొంత అన్నదమ్ములు, రోజీ నీకు చెల్లెలవుద్ది అన్నాను. నీకు చెప్పొద్దని ఒట్టు కూడా నేనే వేయించుకున్నాను."

"వాళ్ళింట్లో ఎవర్నీ అడగలేదా?"

"యేసుపాదం పోయి అప్పటికి నెల. పెద్దోళ్ళు అంతకు ముందే పోయేరు. ఇంక ఎవర్ని అడుగుతాడు?"

"పోయిన క్రిస్మస్‌కి బస్టాండులో కనబడ్డాడు. 'బాగున్నావా చెల్లెమ్మా' అన్నాడు. పక్కన పెళ్ళాం ఉందని నాటకమాడతన్నాడనుకున్నాను. జవాబు కూడా చెప్పలేదు."

"మంచోడమ్మా, మాట మీద నిలబడ్డాడు. నేను మటుకు ఏటి చేసేను? నిన్ను కాపాడుకున్నాను. అన్న వరస అయినోడికి పిల్లనెలా ఇత్తాను?"

"ఎర్రయ్య పేరు కింద ఇంకో పేరుంది నాన్నా. అది నేనింకా చదవలేదు నీకు."

"ఏ పేరు?"

"అదే రోజు, అదే నీళ్ళలో బాప్తిస్మం. 'నూకరత్నం, పై ఎర్రయ్యకు చెల్లెలు.' తరవాతెప్పుడో ఇంకో పేజీలో ఆవిడ కొడుకు పేరు కనబడింది. యేసుపాదం."

"రోజీ..."

"అన్నదమ్ములు కాదు వాళ్ళు. తాతా, వాళ్ళ నాయనమ్మా అన్నా చెల్లెళ్ళు. శాంతికుమార్ నాకు అన్నెలా అవుతాడు? బావ. చేసుకోవలసిన వరస."

"అన్నం తినమ్మా."

"నీకెవరో తప్పు చెప్పేరు. తాతే చెప్పేడేమో. నువ్వూ పొరపాటు పడ్డావు. ఆ ఒక్క మాట అను నాన్నా, నమ్మేత్తాను. ఇంకెప్పుడూ అడగను."

"పొరపాటు కాదమ్మా. మా అమ్మ పోయేక నూకరత్నం అత్తే నన్ను చంకనేసుకుని పెంచింది. తెలిసే చెప్పేను."