సునీత కుర్చీ

కాళ్లూ చేతులూ చెప్పిన మాట వినని, వెన్ను పక్కకి ఒరిగిన ఎనిమిదేళ్ల సునీత కోసం నిన్న పాల్మాకుల ఊరికి బస్సు మీద, ఒంటిని నిటారుగా పట్టి ఉంచే ఒక పట్టీల కుర్చీ వచ్చింది. పొద్దున్నే సునీత నానమ్మకీ అమ్మకీ, ఆ అత్తాకోడళ్లకి, దిండు దగ్గర తగువు మొదలైంది.

"నా దిండేదే?"

"సునీత కుర్చీల పెట్టిన అత్తమ్మా. కుడిపక్క ఆసరా ఉండాలని దవాఖానల చెప్పిన్రు."

"నా మెడకు ఆసరా వద్దా? ఇన్నేండ్లు నీ ఒళ్లె పండి తిన్నది గదా, ఇప్పుడు సింహాసనం కావల్నా?"

"ఒళ్లె పండుకుంటే దానికి కింది నుంచి మన గడ్డాలు, గదుమలే కనబడ్డయి అత్తమ్మా. మన మొకాలు ఎన్నడు కనబడలే."

దిండు కుర్చీలోనే ఉండిపోయింది. మధ్యాహ్నం అందరూ కంచాల ముందు కూర్చున్నాక, కోడలు సునీతని కూర్చోబెట్టిన ఆ కుర్చీని నడింట్లోకి ఈడ్చుకొచ్చింది. అత్త మళ్లీ అందుకుంది.

"రేపు సుట్టాలొస్తున్నరు. ఎప్పటి లెక్క పిల్లను అర్రల పెట్టి తలుపేస్తవు గదా?"

"వెయ్య. ఇగ సునీత ఈడనే తింటది, అందరితోని."

"వాళ్లు ముద్ద దిగక లేసిపోతే?"

"పోనియ్యి. ఇన్నేండ్లు అర్రల మేమిద్దరమే తిన్నం. ఈడ గూడ మేమిద్దరమే తింటం."

సునీత నాన్న కంచంలోంచి తలెత్తలేదు. సునీత మాత్రం నిటారుగా కూర్చుని ఒక్కొక్కరి ముఖమే చూస్తోంది.