అడుగున ఉన్న రివర్స్

మెకానిక్ పాతకాలపు కారు కింద నుంచి బయటికొచ్చి, ఎదురుచూస్తున్న పెద్దాయన ముందు చేతులు తుడుచుకున్నాడు.

“ఈ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ గుండ్రాయిలా ఉంది సార్. ఒరిజినల్ తీసేసి కొత్తరకం ఎందుకు?”

“దీంట్లో రివర్స్ అన్నిటికంటే కిందుంటుంది కదా.”

“అవును. కొత్తవాటిలో అది పైనుంటుంది, ముందుకెళ్లే గేరు కిందుంటుంది.”

“కోడలు కొత్త బండ్లే నడిపింది. ముందుకెళ్తుందనుకుని గేరు రాడ్డు కిందికంటా లాగింది. వెనకాల మనవడున్నాడు.”

మెకానిక్ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

“ఇప్పుడు మార్చి ఏం లాభం సార్?”

“పాతది చెడిపోయే బండి వెనక్కెళ్లిందని నువ్వు కోడలికి చెప్పు. కొడుకుని చేతులారా చంపుకున్నానని అన్నం ముట్టడం లేదు.”

“బాగున్నదాన్ని చెడిపోయిందనమంటారా?”

“అను. తాళం ఇచ్చింది నేను. రివర్స్ సంగతి చెప్పడం మరిచింది నేను.”

“ఆ మాట ఆవిడకి చెప్పారా?”

పెద్దాయన కారు తాళం తీసి మెకానిక్ చేతిలో పెట్టాడు.

“చెప్పలేకే కదయ్యా, నిన్ను గేర్‌బాక్స్ మార్చమంటున్నాను.”