శుభ్రమైన మెదడు

“ఈ ఊళ్ళో నా మెదడంత శుభ్రమైన మెదడు ఇంకోటి లేదక్కా. అద్దాల పెట్టెలో పెట్టి జనానికి చూపించు.”

అక్క నవ్వలేదు. ఎక్‌స్టసీ అనే మత్తు బిళ్ళలు మెదడును ఏం చేస్తాయో పరిశోధించడం ఆమె పని. ఆ బిళ్ళ ఎన్నడూ ముట్టనివాళ్ళు తగినంతమంది దొరక్క, పోల్చి చూడటానికి నన్నూ వాళ్ళలో చేర్చింది. ఇప్పుడు ల్యాబులో తెర మీద నా స్కాన్ ఉంది.

“మూడు వారాలుగా మిషన్ పాడైందని అందరితో గొడవపడి చచ్చాన్రా. తీరా చూస్తే తేడా నీ ఒక్కడి దగ్గరే!”

“నా తెలివి మిషన్‌కి అందలేదేమో.”

“మనసును హుషారుగా ఉంచే సెరటోనిన్‌ని మళ్ళీ లోపలికి లాక్కునే చోట్లు ఇక్కడ వెలగాలి. నీవి సగం ఆరిపోయాయి.”

“కరెంటు పొదుపు.”

“నోర్ముయ్! ఆ బిళ్ళ ఉన్న సెరటోనినంతా ఒక్కసారే బయటికి గుమ్మరిస్తుంది. తర్వాత నాలుగు రోజులు ఖాళీ డబ్బానే. మంగళవారం మంగళవారం నువ్వు ముసుగుతన్ని ఏడవడం అమ్మ చూసింది.”

“ఉల్లిపాయలు కోశాను.”

“దుప్పటి కిందా? ఎప్పుడూ ముట్టలేదని సంతకం పెట్టావు. నా రెండేళ్ళ పని బూడిదలో పోసిన పన్నీరు చేశావు కదరా! ఎన్ని మింగావు?”

“ఒకటి.”

“ఒక్కదానికి ఇలా అవ్వదు.”

“వారానికొకటి.”

“ఎన్నాళ్ళుగా?”

“రెండేళ్ళు దాటింది. ముట్టావా అని నువ్వే అడుగుతుంటే, నీ మొహం చూస్తూ అవునని ఎలా చెప్పనక్కా? ప్రతి మంగళవారం మానేస్తానని ఒట్టు పెట్టుకుంటాను. శనివారం వచ్చేసరికి నా వల్ల కావట్లేదు.”