రెండు దవడలు

గంట నొక్కకండి, ఎజె. నొక్కినా వచ్చేది ఆ నర్సే, ఆవిడతో నేనిప్పుడే మాట్లాడి వస్తున్నాను. "మీ డైరెక్టరమ్మ మహా మొండిది తల్లీ. గొట్టం పెట్టి సూప్ తాగమంటే తల తిప్పేసుకుంటోంది. చెయ్యి విసిరి గిన్నె పడేసింది" అని నాకే చెప్పుకుంది. మొండిదట. విన్నారా? మీ గురించే.

నాకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు మీద అసహ్యమూ వేసింది.

ఎజె అంటున్నానని మెత్తబడ్డాననుకోకండి. పెద్దామెని అక్కా అనకుండా పేరు పెట్టి పిలిచానని తెలిస్తే మా అమ్మ నా చెంప పగలగొడుతుంది. అంతకు మించి ఆ మాటలో ఏమీ లేదు.

అటు తిరక్కండి. ఆ పక్కకి తిరిగితే నొప్పి ఎక్కువవుతుంది, నాకు తెలుసు.

పోలీసాయన మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట. "ఆ పిల్ల తలతో కుమ్మిందా?" అని. మీరు అవునని తల ఊపారట. అంతే. దవడకి తీగలు బిగించారు, నోరు తెరవలేరు. అయితేనేం, అబద్ధానికి మెడ చాలు కదా.

ఆ ఒక్క ఊపుతో బెగిమాయ్ ప్రమాదకరమైన పిల్లయిపోయింది. పై అంతస్తులో దవడకి కట్టుతో పడుకుని ఉంది. కట్టు విప్పగానే కొండ దాటించి ఆ తాళాలేసిన ఆశ్రమానికి పంపేస్తారట. వేన్ కూడా మాట్లాడేశారు. అక్కడికెళ్లినవాళ్లలో ఎవరైనా తిరిగొచ్చారా, ఎజె? మీకే బాగా తెలియాలి. మన బడి నుంచి వాళ్లందర్నీ పంపింది మీరేగా.

వాళ్ల నానమ్మ జెయ్‌నెప్ మెట్ల మీద కూర్చుని ఉంది, మనవరాలి టోపీ ఒళ్లో పెట్టుకుని. నన్ను చూసి ఏమడిగిందో తెలుసా? "డైరెక్టరమ్మకి నొప్పి తగ్గిందా, అమ్మాయ్?" అని. ఆవిడ మీకు శాపనార్థాలు పెట్టి ఉంటే నేనీ గదిలోకి వచ్చేదాన్నే కాదేమో.

జరిగింది చెబుతాను. మీరూ అక్కడే ఉన్నారు, నిజమే. ఉన్నారు గానీ చూడలేదు.

బెగిమాయ్‌కి కురుత్ అంటే ప్రాణం. వాళ్ల నానమ్మ ఇంట్లోనే చేస్తుంది, ఉప్పటి ఎండు పెరుగుండలు, రాయిలా ఉంటాయి. ఒకటి ఎడమ బుగ్గన పెట్టుకుందంటే భోజనం దాకా చప్పరిస్తూనే ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్ల, ఒక్క మాట రాదు. ఆ బుగ్గ ఉబ్బి ఉందంటే బాగున్నాను, నా జోలికి రావద్దు అని. ఆమెకున్న ఒకే ఒక్క మాట అది. బడిలో అందరం దాన్ని చదవగలం అనుకున్నాం.

అందుకే మోసపోయాం. బుగ్గ ఉబ్బింది, అందరం చూశాం. "మహారాణి నోట్లో కురుత్ పడింది, ఇక మనకి దర్శనం లేదు" అని పరాచికాలాడింది నేనే.

మహారాణి మాత్రం పిడికిలితో ఆ బుగ్గనే బాదుకుంటోంది. గోడకేసి కొట్టుకుంటోంది. పక్క పిల్ల జుట్టు దొరికితే కుదుళ్లతో ఊడబెరికింది. నా ముంజేతి మీద ఇదిగో, ఈ పళ్ల గాటు ఆమెదే. మీరు ఒకటే అన్నారు. "పొగరు. ముసల్ది గారాబం చేసి చెడగొట్టింది."

అని ఊరుకున్నారా? ఆ ముసలామెనే పిలిపించి ఉయ్యాల తొట్టి పట్టీలు తెమ్మన్నారు. తెచ్చింది పాపం. ఎర్ర మఖ్‌మల్, అంచున గొర్రెకొమ్ముల కుట్టు, పసిపిల్లని తొట్టిలో కదలకుండా కట్టే పట్టీలు. "వీటితో కడితే చాలు, ఏడుపు ఆపి నిద్రపోయేదమ్మా" అని మురిసిపోతూ మీ చేతిలో పెట్టింది. ఆ పట్టీలతో తొమ్మిదేళ్ల పిల్లని కుర్చీకి బిగించాం. బిగించాం అంటున్నాను, వినండి. మొదటి రోజు కాళ్ల దగ్గర ముడి నాది.

గొడవ జరిగిన రోజు పొద్దున పిల్ల కోటు విప్పి కొక్కేనికి తగిలిద్దామంటే జేబు బరువుగా వేలాడింది. చెయ్యి పెట్టాను. కురుత్. గుప్పెడు కాదు, జేబు నిండా. నానమ్మ రోజూ వేసినవి వేసినట్టే ఉన్నాయి, ఒక్కదానికీ తడి తగల్లేదు.

మరి బుగ్గలో ఉన్నదేమిటి?

మీ గదికి పరిగెత్తుకొచ్చాను. ఆ ఉండలు మీ బల్ల మీద పోశాను. డాక్టర్ని పిలవండి, పిల్ల నోట్లో ఏదో పుండైంది అన్నాను. మీరేమన్నారు? "జిపార్, కాలేజీలో వాదించి కప్పులు గెలుచుకున్నావని నా గదిలో కూడా పోటీ పెడతావా? పంటి నొప్పితో ఎవరూ చావరు. ముందు నా బల్ల తుడువు."

ఎదుటివాళ్ల నోరు మూయించడంలో నన్ను మించినవాళ్లు నార్యన్ కాలేజీలో లేరు. మీ ముందు మాత్రం నా మాట పూచికపుల్లకి కొరగాలేదు. మాటలొచ్చిన నా గతే ఇది. ఆమె గతి?

మీ బల్ల తుడిచాను. తుడిచేసి వెళ్లాను. అదింకా ఒంట్లో మండుతూనే ఉంది.

తర్వాత భోజనం. రొట్టె ముక్క చేతిలో పెడితే విసిరేసింది, నేల మీద పడింది. వంటామె కెంజె గుండె మీద చెయ్యేసుకుంది. పడిన రొట్టెని తీసి నుదుటికి ఆనించుకునేవాళ్లం మనం. రొట్టె మీద కాలు పడితే కళ్లు పోతాయని పెరిగినవాళ్లం. మీకు పూనకమే వచ్చింది. "రొట్టెనా? రొట్టెని విసురుతావా?" నమలలేని పిల్ల రొట్టెని ఏం చేసుకుంటుందన్న ఆలోచన ఒక్కరికైనా వచ్చిందా?

పట్టీలతో చేతులు కట్టేశారు. ఆ దుమ్ము రొట్టెనే ముద్ద చేశారు. దవడ పట్టుకున్నారు, ఎడమ వైపే, బొటనవేలు దిగబడేలా. నోరు తెరిపించి కుక్కారు. గొర్రెని కోసేటప్పుడు కూడా అలాంటి అరుపు వినలేదు నేను. గొర్రె ఊరుకుంటుంది, పండక్కి చూస్తాంగా. బెగిమాయ్ ఊరుకోలేదు. మీ వేలు ఎముక తగిలేదాకా కొరికింది.

మీరు కొట్టారు. అదే బుగ్గ మీద, అరచెయ్యి చాచి, బలం కొద్దీ.

పగిలింది. పంటి కింద ఉబ్బిన గడ్డ లోపలే పగిలి నోట్లోంచి చీమూ నెత్తురూ చిమ్మాయి. రొట్టె మీద, మీ తెల్ల చొక్కా మీద, ఆ మఖ్‌మల్ మీద. చచ్చిన ఎలుక కంపు. కెంజె వాంతి చేసుకుంది. మీరు మాత్రం ఒక చేత్తో మొహం తుడుచుకుంటూ ఇంకో చేత్తో పట్టీని మరో చుట్టు బిగిస్తున్నారు. అది చూశాను.

పొయ్యి పక్కనున్న ఇనుప కెటిల్ నా చేతికొచ్చింది. అప్పుడే టీ ఒంపేశారు, మీ అదృష్టం.

ఇదంతా పోలీసాయనకి చెప్పాను. నేనే కొట్టాను, రాసుకోండి అన్నాను. నన్ను కిందనుంచి పై దాకా చూశాడు. "నువ్వా? గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్నావు. పిల్ల మీద జాలితో నెత్తినేసుకుంటున్నావు. పోయి పెళ్లి చేసుకోవే అమ్మాయ్" అన్నాడు. కెంజెని అడిగితే, "వాంతి చేసుకుంటున్నానయ్యా, కళ్లు మూసుకున్నా" అంది. అబద్ధం కాదు కూడా.

మీరెందుకు ఊపారో నాకు తెలుసు, ఎజె. నేను కొట్టానంటే ఎందుకు కొట్టావని నన్నడుగుతారు. నేను చెబుతాను. పట్టీల సంగతి, కురుత్ సంగతి, బల్ల తుడిచిన సంగతి. పిల్ల కుమ్మిందంటే ఏ ప్రశ్నా రాదు. ఎందుకు కుమ్మావని ఆమెనెవరు అడుగుతారు? అడిగినా ఏం చెబుతుంది?

ఏమిటా చూపు? నీళ్లు తిరుగుతున్నాయి. నొప్పా? ఎక్కడ? చెప్పండి.

చెప్పలేరు కదూ.

పర్లేదు, కనిపిస్తోంది. దిండుకి ఎడమ చెంప ఆనించడం లేదు. దుప్పటి కింద వణుకుతున్నారు, గది ఉడికిపోతోంది. సూప్ గొట్టం చూస్తే తల తిప్పుకుంటున్నారు. కట్టు పక్కన చర్మం ఎర్రగా నిగనిగలాడుతోంది. లోపల చీము పట్టింది, ఎజె. మొండితనం కాదు. ఆ రంగు నేను మర్చిపోయేది కాదు.

మెట్లెక్కి వస్తూ ఒక బేరం అనుకున్నాను. ముందు మీరు నిజం ఒప్పుకోండి, తర్వాతే డాక్టర్ని పిలుస్తాను అని. మంచి బేరం, మీకు తగినది. ఆ మెట్టు మీదే జెయ్‌నెప్ మీ నొప్పి గురించి అడిగింది. అలా అడిగిన ముసలామె ముందు బేరం ఎలా ఆడను? నర్సు మీద అరిచాను. "నువ్వు డాక్టరువా?" అంది. ఇంకా గట్టిగా అరిచాను. వస్తున్నాడు. మీ గడ్డ కోస్తారు, మత్తు ఇచ్చే కోస్తారు. మీరు ఊపినా, ఊపకపోయినా.

నేను వదలకపోతే పోలీసాయనా వస్తున్నాడు, వసారాలో ఆ బూట్ల చప్పుడు ఆయనదే. మీ నోటి నుంచి కాకపోతే మీ మెడ నుంచి వినాలట. ఈసారి ప్రశ్న నేను చెప్పి పంపాను. "జిపార్ కొట్టిందా?" అంటాడు. ఊపితే నేను జైలుకి, బెగిమాయ్ ఇంటికి. ఊపకపోతే వేన్ వస్తుంది.

ఆయన లోపలికి రాకముందే ఒకటి చెప్పాలి. ఇది ఆయనకీ చెప్పలేదు.

మొదటి దెబ్బ మీ భుజానికి తగిలింది. పట్టీ వదిలారు. రొట్టెలు కోసే కత్తితో దాన్ని కోశాను, పిల్ల కుర్చీ దిగి బల్ల కిందికి పాకింది. మీ చేతులు ఖాళీగా ఉన్నాయి. రెండూ పైకెత్తారు, వద్దు అన్నట్టు. చూశాను, ఎజె, స్పష్టంగా చూశాను. అప్పుడు మళ్లీ కెటిల్ ఎత్తాను, మీ దవడ చూసుకుని, ఎడమ వైపు చూసుకుని.

మొదటిది బెగిమాయ్ కోసం. రెండోది నాకు కావాలనిపించింది.

తలుపు తీస్తున్నాడు. ఊపండి.