ఫిజీ విశ్వనాథం మొండితనం

ఎవరూ, ఆ గోడ మీద ఫొటోలో పైన కోటు, కింద లుంగీలాంటిది కట్టుకున్నాయనా? మీ లీలావతి ఆంటీ వాళ్ల నాన్నగారే నీహారికా, విశ్వనాథం అని. నవ్వకు, అక్కడ మినిస్టర్ల డ్రెస్సే అది. ఫిజీ అని పసిఫిక్‌లో దీవులు లేవూ, చెరుకు కోయించడానికి మనవాళ్లని ఓడల్లో తీసుకెళ్లారే, అక్కడ. ఈయన తాత విశాఖపట్నం నుంచి అలా కూలీగా వెళ్లినవాడే. మనవడు స్కూల్ టీచరై, ఎలక్షన్ గెలిచి, ఏకంగా భూముల మంత్రి అయ్యాడు. అయ్యావుగా, కుదురుగా కూర్చోవచ్చుగా? అబ్బే! అక్కడ భూమి ఆ దీవివాళ్లది, కౌలుకి దున్నేది మనవాళ్లు. ఈయన మధ్యేమార్గం అంటూ, రైతుని లేపకూడదు, భూమిగలవాడికి వాటా పెంచాలి అని బిల్లు పెట్టాడు. ఇంకేముంది! మనవాళ్లేమో 'వీడు వాళ్లకి అమ్ముడుపోయాడ్రా' అన్నారు. వాళ్లేమో 'మన భూమి కాజేస్తున్నాడు' అన్నారు. ఈలోగా సైన్యం తుపాకులతో పార్లమెంటులోకొచ్చింది. పదవీ పోయింది, బిల్లూ పోయింది.

కూతురు ఇక్కడికి, అమెరికాకి, ఈ పిస్కాటవే ఊరికి తెచ్చుకుంది. నాకు వాకింగ్‌లో పరిచయం. హాయిగా ఉండొచ్చా? రోజూ అక్కణ్ణించి ఫోన్లే. కౌలు పోయినవాళ్లు రోడ్డు పక్కన రేకుల షెడ్లలో పడున్నారని. మళ్లీ ఎలక్షన్లనగానే పెట్టె సర్దాడు. గుండెలో స్టెంట్ పైగా! ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశా, దారంతా తిట్టా. 'ఏటి శంకరం, అలగరుస్తావు?' అంటాడు. వాళ్ల నాయనమ్మ నేర్పిన తెలుగది. 'మనోళ్లు రోడ్డు మీదుంటే నానిక్కడ పార్కులో తిరగాలేటి?'

వెళ్లాడు, నిలబడ్డాడు, చిత్తుగా ఓడాడు! ఆ షెడ్లవాళ్లు కూడా ఓటెయ్యలేదమ్మా. ఫోన్ చేసి, 'తిక్క కుదిరిందా? వచ్చెయ్' అన్నా. రానన్నాడు. ఏం చేశాడో తెలుసా? ఆ భూములున్న దీవివాళ్లకి ఓ పెద్ద ఉన్నాడు, దగ్గరుండి ఈయన్ని ఓడించినవాడు. వాడింటికెళ్లి చాప మీద కూర్చునేవాడు. మంత్రి చేసినవాడు! వాడు పలకడు, ఈయన లేవడు. చీకటి పడితే ఇంటికి, తెల్లారితే మళ్లీ అక్కడికే. లీలావతి ఫోన్లో ఏడ్చింది, 'పరువు తీస్తున్నావు నాన్నా' అని. 'పరువుంటే ఆళ్లకి ఇల్లొస్తాదేటమ్మా?' అన్నాట్ట. చివరికి ఆ పెద్దకే విసుగొచ్చి, 'ఏం కావాలయ్యా నీకు?' అన్నాడు.

'షెడ్లవాళ్లకి ఇళ్ల జాగా.'

'నీకు ఓటెయ్యనివాళ్లకా?'

'వాళ్లకే.'

ఆ పెద్ద వచ్చి ఈయన పక్కనే చాప మీద కూర్చున్నాడట. తర్వాత జాగా ఇచ్చాడు. మంత్రిగా ఉండి సాధించలేనిది, ఓడిపోయి నేల మీద కూర్చుని సాధించాడు మహానుభావుడు! గోడలు లేస్తుండగా గుండె ఆగిపోయింది. స్టెంట్ ఉంది, వెళ్లకురా అంటే విన్నాడా?

లీలావతి వెళ్లింది. పాడె ఎత్తబోతుంటే ఆ పెద్ద తన మనుషులతో వచ్చి అడ్డం నిలబడ్డాడట. 'మా మనిషి, మేం మోస్తాం' అని. షెడ్లవాళ్లు, 'కాదు, మావాడు' అని పాడె వదల్లేదట. చూడు ఖర్మ! బతికున్నన్నాళ్లూ ఒక్కడూ మావాడనలేదు. పోయాక భుజం పట్టడానికి కొట్లాట! కాసేపు వీళ్లు, కాసేపు వాళ్లు మోశారట. నేనే గనక అక్కడుంటే అందర్నీ అవతలకి నెట్టి, నా భుజం...

ఊఁ.

పద, ఆంటీ ప్లేట్లు పెడుతోంది.