పెద్ద డిస్కుల మోజు

షెడ్డులో పాత టర్బో కారు జాకీ మీద ఉంది. పక్కన ఇద్దరే ఉన్నారు: కారు యజమాని, దాన్ని బాగుచేసే అతని బావమరిది.

"అక్క ఆఫీసుకు బస్సెక్కి పోతోందట కదా బావా?"

"నిన్న దిగుడులో ఎంత తొక్కినా బ్రేకు పట్టలేదురా. కారును ఆపింది నేను కాదు, కంచె. పక్కనే కూర్చున్న మీ అక్క ఇక ఈ కారెక్కనంది."

"వేగం కోసం టర్బోకి అంత తగలేశావు. బ్రేకులకేం చేశావు?"

"ఎర్ర రంగు వేశాను."

"శభాష్!"

"నవ్వకు. పరుగెత్తించడం నేర్చుకుంటే ఆపడం అదే వస్తుందనుకున్నా, వెధవని. ఈసారి చక్రాల్లోంచి కనబడే పెద్ద బ్రేకు డిస్కులు, రేసు కార్ల ప్యాడ్లు వేసెయ్."

"ఆ డిస్కులు నీ చక్రాల్లో పట్టవు. ఆ ప్యాడ్లు బాగా వేడెక్కితేగానీ పనిచెయ్యవు. అవి వేడెక్కేసరికి అక్క ఆఫీసు దాటి ఊరవతల ఉంటుంది."

"మరెలా?"

"నీ బ్రేక్ ఆయిల్ పాతదైపోయి దిగుడులో మరిగిపోయింది. కొత్త ఆయిల్, కొత్త పైపులు, వీధుల్లో తిరిగే కార్లకు వేసే మంచి ప్యాడ్లు చాలు."

"బయటికేమీ కనబడదన్నమాట."

"ఏమీ కనబడదు."

"ఖర్మ! నా మోజు కోసం మీ అక్క ఎన్నాళ్ళు బస్సులో వేలాడుతుంది? అవే వెయ్యి."

"అయ్యాక అదే దిగుడులో నడిపి చూపించు, నమ్ముతుంది."

"నేను నడిపితే నమ్మదురా. స్టీరింగు తనకే ఇస్తా. పక్కన కూర్చుని భయపడటం ఇక నా వంతు."