ఉప్పు మేస్టారి నల్ల ఏళ్ళు

పైడిరాజు కేరేజీ రోజూ సగం ఖాళీయే అనుకో. ఎవుడీ పైడిరాజంటారా? మా రాజులప్ప కొడుకు, పట్నంలో యూనివర్సిటీలో కెమిస్ట్రీ చదివీవోడు. తల్లి చింతకాయ పచ్చడీ, ఎండుచేపల కూరా కేరేజీలో ఎట్టి, గుడ్డతో మూటకట్టి ఇచ్చీది. అది లేబు గూట్లో ఎట్టీవోడంట. మధ్యాన్నం ఇప్పితే ఏటుందీ? అన్నం ఉంది, కూర లేదు, పచ్చడి లేదు! ఉత్తన్నం తిని ఎన్నాళ్ళుంటాడు గుంటడు? సావాసగాళ్ళ మీద పడితే, "మా తోడు, మేం కాదురా" అన్నారంట. అప్పుడందరూ కలిసి ఏం చేసారంటే, లేబులో సిల్వర్ నైట్రేటని ఉంటాదంట. చూడ్డానికి మంచినీళ్ళే. అందులో ఉప్పు పడితే పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోద్ది, ఉప్పుని పట్టుకునీ ఇద్య అన్నమాట. చేతికంటితే అప్పుడేం తెలీదు, పూట గడిచాక నల్లగా తేల్తాది. సబ్బెట్టి రుద్దు, బూడిదెట్టి రుద్దు, వదల్దు. ఆ నీళ్ళతో మూట ముడి తడిపీసారు. రేపు పరీక్షనగా ఈ పని! ఆ మధ్యాన్నమూ కూర మాయమే.

తెల్లారి పరీక్ష. ఆళ్ళ చదువులో ఉప్పులు బోలెడు రకాలంట, పొట్లం ఇస్తే అందులో ఏ ఉప్పుందో కనిపెట్టాల. బయటూరి ప్రొఫెసరొకాయన వచ్చి కూకున్నాడు. పొట్లాలు పంచీదేమో ఆళ్ళ మేస్టారు జగ్గారావుగారు. ఆయనంటే పిల్లలకి హడల్. పిల్లలంతా ఒకళ్ళ చేతులొకళ్ళు చూసుకుంటన్నారు. ముడి తడిపిన పైడిరాజు ఏళ్ళు తప్ప ఎవుడివీ నల్లగా లేవు. అంతలో ఏమైందంటే, ముందు కూకున్నోడికి పొట్లం ఇవ్వడానికి మేస్టారు చెయ్యి చాపారు. ఓలమ్మో, ఆ ఏళ్ళు బొగ్గులే!

"ఏమండీ జగ్గారావుగారూ, ఆ వేళ్ళేమిటి?" అన్నాడంట ప్రొఫెసరు. మేస్టారు గబుక్కున చెయ్యి ఎనక్కి దాచుకున్నారు. పిల్లలు నవ్వాపుకోలేక చస్తన్నారు. ఒక్క మాటంటే ఆయన పరువు గంగలో కలిసిపోద్ది. అనకపోతే? ఇన్నాళ్ళూ ఉత్తన్నం తిన్నోడు మరి! కానీ ఆ మొకం చూసి పైడిరాజుకి జాలేసింది. లేచి తన ఏళ్ళూ చాపి, "నావల్లే బావూ, మేస్టారు నాకు చూపిస్తంటే సీసా ఒంపీసాను, ఇద్దరి మీదా పడింది" అన్నాడంట. "జాగ్రత్తగా ఉండాలయ్యా" అని ప్రొఫెసరు ఊరుకున్నాడు.

పరీక్షయ్యాక మేస్టారు పిలిచి, ఒరే, నాకు బీపీరా, మా ఆవిడ ఉప్పు గిన్నె దాచీసింది, పగలంతా ఉప్పుల పాఠం చెప్పి ఇంటికెళ్ళి చప్పిడి కూడు తినాల, మీ అమ్మ పచ్చడి వాసనొస్తే నోరాగలేదురా అని కళ్ళనీళ్ళెట్టుకున్నాడంట. గుంటడొచ్చి తల్లికి చెప్పాడు. తిడతాదనుకున్నాం. "అయ్యో పాపం! ఉప్పు తగ్గించి పులుపు పెంచి, మేస్టారికి ఏరే గిన్నె కడతాన్లే" అంది మా రాజులప్ప.

పైడిరాజు పాసయ్యాడా అంటారా? ఎందుకవడూ! పొట్లం ఇప్పి ఆ నీళ్ళ చుక్క ఏసీసరికి పాలు విరిగినట్టు విరిగిందంట. మనం కూరలో ఏసుకునీ ఉప్పే! అన్ని పొట్లాలుండగా అదే ఆడికెలా వచ్చిందో నన్నడక్కండి, పంచిన చేతిని అడగండి. నల్లగా ఉంటాది, ఇట్టే పోల్చుకుంటారు.